కొత్త విడిభాగానికి నాణ్యతా ప్రణాళిక: ఒక ఏపీక్యూపీ సలహా సేవపై సమీక్ష

చౌటుప్పల్ మండలం దండుమల్కాపురం పారిశ్రామిక పార్కులో ప్లాస్టిక్ ఇంజెక్షన్ మోల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ను మోల్డ్ అనే ఉక్కు అచ్చులోకి నెట్టి భాగాలు తీయడం) చేసే ఒక చిన్న యూనిట్‌లో నేను నాణ్యతా విభాగాన్ని చూస్తున్నాను. 2019 నవంబరులో ఈ పార్కు ప్రారంభమైన తర్వాత హైదరాబాదు నుంచి ఇటు వచ్చిన చిన్న పరిశ్రమలలో మాది ఒకటి. మొన్నటిదాకా మా ప్రధాన సరుకు నల్లగొండ బత్తాయి తోటలకు వెళ్లే డ్రిప్ ఫిట్టింగులు, ఇళ్లకు వాడే స్విచ్ బాక్సులు. వాటికి నమూనా చూపించి, ధర కుదుర్చుకుంటే పని మొదలయ్యేది. ద్విచక్ర వాహనాల వైరింగ్ తయారుచేసే ఒక కంపెనీ, 30 శాతం గాజు పోగు కలిసిన నైలాన్ 66తో కనెక్టర్ హౌసింగ్ (వైర్లను కలిపే కనెక్టరు పైతొడుగు) చేసి ఇమ్మని అడిగినప్పుడు మాత్రం, మొదటి రోజు నుంచీ ఏపీక్యూపీ (కొత్త వస్తువు నాణ్యతకు ముందుగానే దశలవారీగా ప్రణాళిక వేసుకునే విధానం) పద్ధతిలో ప్రణాళిక చూపాలనీ, చివర పీపాప్ (నమూనా భాగాలతో పాటు ఇచ్చే ఆమోద పత్రాలు) సమర్పించి ఆమోదం పొందాకే సరఫరా మొదలుపెట్టాలనీ షరతు పెట్టింది. ఆ పనికి సాయంగా హైదరాబాదులోని ఒక సలహా సంస్థ సేవను పూర్తి ఫీజు చెల్లించి తీసుకున్నాము. వారి పనిలో మంచితో పాటు లోపాలు కూడా రాస్తున్నందున సంస్థ పేరు ఇవ్వడం లేదు. ఇలాంటి సేవ కొనబోయే చిన్న పరిశ్రమలవారికి పేరు కన్నా పని తీరు తెలియడమే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

ఏపీక్యూపీ కొత్తగా పుట్టినదేమీ కాదు. అమెరికా కార్ల కంపెనీలైన క్రైస్లర్, ఫోర్డ్, జనరల్ మోటార్స్ తమ సరఫరాదారులందరికీ ఒకే పద్ధతి ఉండాలని రూపొందించుకున్న ఈ విధానం తొలి సంపుటంగా 1994లో వెలువడింది. రెండవ కూర్పు 2008లో, మూడవది 2024లో వచ్చాయి. అయిదు దశలుగా నడిచే ఈ విధానంలో మొదట కొనుగోలుదారుకు ఏమి కావాలో నిర్ణయించుకోవడం, తర్వాత వస్తువు రూపకల్పన, ఆపైన తయారీ విధానం రూపకల్పన, ఆ రెండింటినీ నిజమైన ఉత్పత్తి పరిస్థితుల్లో నిర్ధారించుకోవడం, చివరకు సరఫరా మొదలయ్యాక వచ్చే ఫిర్యాదుల నుంచి విధానాన్ని సరిదిద్దుకోవడం ఉంటాయి. దశలు ఒకదాని తర్వాత ఒకటిగా రాసి ఉన్నా, ఆచరణలో అవి ఒకదానిపై ఒకటి వాలి నడుస్తాయి. అందుకే ఒక్క నాణ్యతా విభాగమే కూర్చొని నింపే కాగితాలుగా దీన్ని భావించే సంస్థలకు దీనివల్ల ఒరిగేది చాలా తక్కువ.

ఈ సేవలో మాకు దక్కిన అసలు లాభం మొదటి రెండు వారాల్లోనే కనిపించింది. మోల్డ్ తయారీకి ఆర్డరు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మమ్మల్ని సలహా సంస్థ ముఖ్యుడు ఆపి, డ్రాయింగుతో పాటు టూల్ రూమ్ మనిషినీ, మెషిన్ షాపు ఇన్‌చార్జినీ, కొనుగోలు విభాగాన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ప్లాస్టిక్ మోల్డ్‌లోకి ఎక్కడి నుంచి ప్రవేశిస్తుందనేది. హౌసింగ్‌కు ఒక పక్కన లాక్ నాలుక ఉంటుంది. కనెక్టర్ బిగించినప్పుడు వంగి, మళ్లీ లేచి, పట్టుకోవలసిన భాగం అదే. మేము అనుకున్న గేటు (ప్లాస్టిక్ లోపలికి వచ్చే ద్వారం) స్థానం నుంచి కరిగిన నైలాన్ రెండు పాయలుగా చీలి సరిగ్గా ఆ నాలుక మొదట్లో కలుస్తుందని కంప్యూటరులో చేసే మోల్డ్ ఫ్లో విశ్లేషణలో తేలింది. రెండు పాయలు కలిసే చోట ఏర్పడే వెల్డ్ లైన్ మామూలుగానే బలహీనంగా ఉంటుంది. గాజు పోగు ఉన్న సరుకులో ఆ పోగులు గీతను దాటి అల్లుకోవు కనుక బలహీనత ఇంకా పెరుగుతుంది. గేటును మరో ముఖానికి మార్చితే గీత బరువు పడని గోడ మీదకు జరిగింది. తెర మీద గేటు మార్చడానికి మాకైన ఖర్చు ఒక మధ్యాహ్నం మాత్రమే. అదే మార్పు ఉక్కు కోసిన తర్వాత చేయవలసి వస్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉండేది.

అదే సమావేశంలో టూల్ రూమ్ మనిషి ఇచ్చిన సూచన ఒకటి ఇక్కడ చెప్పాలి. కొలత కచ్చితంగా ఎక్కడ తేలుతుందో తెలియని చోట్ల మోల్డ్‌లో ఉక్కును కాస్త ఎక్కువగా ఉంచి కోయించడాన్ని ఆ వృత్తిలో స్టీల్ సేఫ్ అంటారు. ఎక్కువగా ఉన్న ఉక్కును తర్వాత చెక్కడం తేలిక. తక్కువైన చోట వెల్డింగు చేసి నింపడం ఖర్చుతో కూడిన పని, పైగా మోల్డ్ ఆయుష్షు తగ్గుతుంది. లాక్ నాలుక మందం, టెర్మినల్ (వైరు చివరి లోహపు ముక్క) దూరే గదుల కొలతలు కొనుగోలుదారు డ్రాయింగులో ప్రత్యేక లక్షణాలుగా గుర్తుపెట్టి ఉన్నాయి. ఆ రెండు చోట్లా స్టీల్ సేఫ్‌గా కోయించాలని మోల్డ్ ఆర్డరులోనే రాయించారు. మొదటి ట్రయల్ తర్వాత రెండు చోట్లా చెక్కవలసి వచ్చింది, ఎక్కడా నింపవలసి రాలేదు. ఫీజులో సగం ఈ ఒక్క సమావేశానికే చెల్లిపోయిందని మా యజమాని అన్నారు. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను.

దీనికి పూర్తి విరుద్ధంగా ఉన్నవి వారు పంపిన పత్రాలు. తయారీ విధానంలో తప్పు ఎక్కడ జరగవచ్చో ముందే ఊహించి రాసే పీఎఫ్‌ఎంఈఏ, ప్రక్రియా క్రమపటం, ఏ దశలో దేన్ని ఎలా తనిఖీ చేయాలో చెప్పే కంట్రోల్ ప్లాన్ మూడూ ఏదో పాత పనికి చేసిన నమూనాల నుంచి ఎత్తి రాసినవని మొదటి చూపులోనే తెలిసింది. ప్లాస్టిక్ మోల్డింగ్ పీఎఫ్‌ఎంఈఏలో లేత్ యంత్రం మీద అంచులు నునుపు చేసే దశ ఎందుకు ఉందని మా షిఫ్ట్ ఇన్‌చార్జి అమాయకంగా అడిగినప్పుడు, వారు పంపిన యువ ఇంజనీరు దగ్గర సమాధానం లేదు. శిక్షణకు వాడిన స్లైడ్లు 2008 కూర్పు మీద ఆధారపడినవి. 2024 మూడవ కూర్పులో కంట్రోల్ ప్లాన్‌ను ప్రత్యేక సంపుటంగా విడదీశారు. సరఫరాదారుల ఎంపిక, మార్పుల నిర్వహణ, దశదశకూ ఆగి సమీక్షించి అనుమతి ఇచ్చే పద్ధతి వంటి విషయాలకు అందులో స్పష్టమైన చోటు కల్పించారు. మా కొనుగోలుదారు అడిగింది కొత్త కూర్పు ప్రకారం.

ఎఫ్‌ఎంఈఏ పట్టిక విషయంలో ఇదే వెనుకబాటు మరింత చేటు చేసేది. పాత పద్ధతిలో లోపం తీవ్రత, సంభవం, గుర్తింపు (కనిపెట్టడం ఎంత కష్టమో) అనే మూడింటికి ఒకటి నుంచి పది వరకు అంకెలు వేసి, గుణించి, వచ్చిన లబ్ధం (ఆర్‌పీఎన్) ప్రకారం ముందు దేన్ని సరిదిద్దాలో తేల్చేవారు. లాక్ విరిగి బండి వైరు ఊడిపోయే అవకాశానికి తీవ్రత 9, సంభవం 4, గుర్తింపు 2 వేస్తే లబ్ధం 72. రంగులో తేడా వంటి చిన్న లోపానికి 4, 4, 6 వేస్తే లబ్ధం 96. అంటే లెక్క ప్రకారం రంగు తేడా ముందు వరుసలో నిలబడుతుంది. అమెరికా, జర్మనీ సంఘాలు కలిసి 2019లో తెచ్చిన కొత్త ఎఫ్‌ఎంఈఏ పద్ధతిలో గుణకారం లేదు. తీవ్రతకు ముందు చోటు ఇచ్చి, చర్య అవసరాన్ని ఎక్కువ, మధ్యమం, తక్కువ అని పట్టిక చూసి నిర్ణయిస్తారు. అందులో లాక్ విరగడం ఎక్కువ కిందికి, రంగు తేడా తక్కువ కిందికి వస్తాయి. పాత పట్టికను మేము తిప్పి పంపాక సంస్థ ముఖ్యుడు స్వయంగా వచ్చి, ఒక్క మాట కూడా వాదించకుండా, అంతా మళ్లీ చేయించారు. ఆ హుందాతనానికి మెచ్చుకోవాలి కానీ, కొనేవాడు గమనించకపోతే పాత సరుకే అంటగట్టేవారేమో అన్న అనుమానం నాకు పోలేదు.

మళ్లీ చేసిన పీఎఫ్‌ఎంఈఏ మాత్రం ఈ సేవ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. ఈసారి ముఖ్యుడు ఆఫీసు గదిలో కాక యంత్రం పక్కనే కుర్చీలు వేయించి, మోల్డ్ సెట్టర్‌నూ ఇద్దరు ఆపరేటర్లనూ కూర్చోబెట్టి, తెలుగులోనే మాట్లాడుతూ వారి మాటలనే పట్టికలోకి ఎక్కించారు. భాగం వంకర తిరగడానికి కారణాలు అడిగితే, పుస్తకాల్లో ఉండే ప్రెషరు, చల్లబడే సమయం వంటివి నేను చెప్పాను. మోల్డ్ సెట్టర్ చాలాసేపు ఊరుకొని, చివరకు "నీళ్లు సన్నగ వస్తున్నయ్ సార్, మోల్డ్ లోపల సున్నం పడతది. మూడు నెలలైతె ఒక దిక్కు వేడిగ, ఒక దిక్కు సల్లగ ఉంటది" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టికలో కొత్త వరుస అయింది. నల్లగొండ ప్రాంతపు భూగర్భ జలం అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తుకు వస్తుంది. మోల్డ్‌కు మాత్రం అసలు శత్రువు ఆ నీటి కాఠిన్యం. గాజు పోగు నైలాన్‌కు మోల్డ్‌ను సుమారు 80 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచాలి. కఠిన జలాన్ని వేడి చేసినకొద్దీ కాల్షియం కార్బొనేటు పొర సన్నని నీటి దారుల్లో పేరుకుంటుంది. ఒకవైపు దారి మూసుకుపోతే ఆ వైపు ఉష్ణోగ్రత మారుతుంది, రెండువైపులా ముడుచుకుపోవడంలో తేడా వస్తుంది, భాగం వంకర తిరుగుతుంది. ఏ నమూనా పత్రంలోనూ ఈ వరుస లేదు, ఉండదు కూడా. దాని ఫలితంగా నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టి, అదే నీరు తిరిగే మూసి ఉన్న చక్రానికి మారి, ప్రతి షిఫ్టు మొదట్లో నీటి ప్రవాహాన్ని మీటరుతో చూసి రాసే నియమం పెట్టుకున్నాము.

కరెంటు పోవడం మీద కూడా ఇలాగే చర్చ జరిగింది. యంత్రం ఆగితే బ్యారెల్‌లో (ప్లాస్టిక్‌ను కరిగించే గొట్టంలో) ఉన్న నైలాన్ వేడికి మాడి బలం కోల్పోతుంది. తిరిగి మొదలుపెట్టాక వచ్చే తొలి భాగాలు చూపుకు బాగానే ఉన్నా లాక్ పెళుసుగా ఉంటుంది. ఎంతసేపు ఆగితే బ్యారెల్‌ను ఖాళీ చేయాలి, ఆపైన ఎన్ని షాట్లు (మోల్డ్ ఒక్కోసారి నిండగా వచ్చే భాగాలు) పారేయాలి అన్నది ఇప్పుడు యంత్రం మీద రాసి ఉంది. వానాకాలంలో బస్తా విప్పిన నైలాన్ తేమ పీల్చుకోవడం గురించి ఆపరేటర్లకు ముందే తెలుసు. వారికి తెలియనిది తేమ 0.2 శాతానికి లోపు ఉండాలన్న హద్దు, దాన్ని కొలిచే పద్ధతి.

కొలత పద్ధతి విశ్లేషణ, అంటే గేజ్ ఆర్ అండ్ ఆర్, విషయంలో సంస్థ పట్టుదల ప్రశంసనీయం. పది భాగాలు, ముగ్గురు కొలిచేవారు, ఒక్కొక్కరు మూడేసి సార్లు కొలిచే ఈ పరీక్షను చాలాచోట్ల ల్యాబ్‌లోని నేర్పరులతో చేయించి మంచి అంకెలు తెప్పించుకుంటారు. వీరు మాత్రం రోజూ కొలిచే షిఫ్టు ఆపరేటర్లతోనే చేయించాలని పట్టుబట్టారు. కొలత వల్ల వచ్చే తేడా 10 శాతం లోపుంటే మంచిది, 30 దాటితే ఆ పరికరాన్ని ఆ పనికి వాడకూడదు. లాక్ నాలుక మందాన్ని వెర్నియర్‌తో కొలిస్తే మాకు 30 దాటింది. నైలాన్ నాలుకను ఒకరు గట్టిగా, ఒకరు మెల్లగా నొక్కడమే కారణం. నొక్కే బలం ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు ఒక చిన్న ఫిక్చర్‌లో డయల్ గేజ్ అమర్చించాక తేడా హద్దులోకి వచ్చింది. భాగం మోల్డ్ నుంచి వచ్చిన వెంటనే కొలిచిన కొలతకూ మరునాడు కొలిచిన కొలతకూ తేడా ఉంటుంది కనుక, ఎన్ని గంటల తర్వాత కొలవాలో కూడా కంట్రోల్ ప్లాన్‌లో రాయించారు. ఈ ఒక్క నియమం లేకపోవడం వల్లనే సరఫరాదారుకూ కొనుగోలుదారుకూ అంకెలు కలవక వివాదాలు పుట్టడం నేను గతంలో పనిచేసిన చోట్ల చాలాసార్లు చూశాను.

కంట్రోల్ ప్లాన్‌లో చివరి నిలువు వరుస ప్రతిచర్య ప్రణాళిక, అంటే తప్పు కనిపిస్తే ఏమి చేయాలన్నది. మొదట పంపిన పత్రంలో ప్రతి అడ్డు వరుసకూ "సూపర్‌వైజర్‌కు తెలియజేయాలి" అన్న ఒకే వాక్యం ఉంది. రాత్రి షిఫ్టులో సూపర్‌వైజర్ ఒక్కడే, యంత్రాలు చాలా. ఆయన వచ్చేలోపు తప్పు భాగాలు పెట్టెలోకి పోతూనే ఉంటాయి. మా ఒత్తిడి మీద దీన్ని మార్చి, యంత్రం ఆపే అధికారం ఆపరేటర్‌కే ఇచ్చి, చివరిసారి బాగున్నట్టు తేలిన తనిఖీ నుంచి ఇప్పటివరకు వచ్చిన భాగాలన్నీ ఎర్ర ట్రేలోకి మార్చాలనీ, తిరిగి మొదలుపెట్టడానికి ఎవరి సంతకం కావాలో స్పష్టంగా ఉండాలనీ రాశాము. యంత్రం దగ్గర వేలాడే పని సూచనలు తెలుగులోనూ, ఒడిశా, బీహారుల నుంచి వచ్చిన పనివారి కోసం హిందీలోనూ వేయించడం మా సొంత ఆలోచన. సంస్థ ఇచ్చినవి ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి. తెలుగులో ఇంత చక్కగా పాఠం చెప్పగల మనుషులున్న సంస్థ కాగితం మాత్రం ఇంగ్లీషులోనే ఇవ్వడం నాకు అర్థం కాలేదు.

పీపాప్ దశ ఎక్కువ చిక్కులు లేకుండా గడిచింది. ఇందులో 18 అంశాలు, అయిదు సమర్పణ స్థాయిలు ఉంటాయి. కొనుగోలుదారు వేరుగా చెప్పకపోతే మూడవ స్థాయి వర్తిస్తుంది. ఉత్పత్తి యంత్రం మీద, ఉత్పత్తి వేగంతో, రోజువారీ ఆపరేటర్లతో ఒక గంట నుంచి ఎనిమిది గంటల వరకు నడిపి కనీసం 300 భాగాలు వరుసగా తీయాలి. ఇక్కడ ఒక లోపం పట్టుకోవలసి వచ్చింది. మా మోల్డ్‌కు నాలుగు కేవిటీలు (ఒక్కో భాగం తయారయ్యే ఖాళీలు) ఉన్నాయి. సంస్థ ఇంజనీరు నాలుగింటి కొలతలనూ ఒకే కుప్పగా కలిపి ప్రక్రియా సామర్థ్యం (కొలతలు హద్దుల్లో ఎంత నిలకడగా ఉన్నాయో చెప్పే అంకె) లెక్కవేశారు. ఒక్కో కేవిటీ కొలత ఒక్కో చోట కేంద్రీకృతమై ఉంటుంది కనుక అలా కలిపిన లెక్కకు అర్థం ఉండదు. విడివిడిగా లెక్కవేస్తే మూడు కేవిటీలు 1.67 హద్దును దాటాయి, ఒకటి దాటలేదు. ఆ ఒక్క కేవిటీలో ఉక్కును స్వల్పంగా చెక్కించి, మళ్లీ నడిపించి, అప్పుడు సమర్పించాము. ఆమోదం వచ్చింది.

ఆమోదం వచ్చిన రోజుతో సలహా సంస్థ పని కూడా ముగిసింది, ఎందుకంటే ఒప్పందంలో అంతవరకే ఉంది. అసలు పరీక్ష మొదలయ్యేది ఆ తర్వాతే. కొత్త భాగం మొదటి నెలల్లో తనిఖీలను మామూలు కన్నా ఎక్కువగా ఉంచి, లోపాలు లేవని అంకెలతో నమ్మకం కుదిరాక క్రమంగా తగ్గించే సేఫ్ లాంచ్ పద్ధతికి 2024 కంట్రోల్ ప్లాన్ సంపుటంలో ప్రత్యేక స్థానం ఉంది. ఏ తనిఖీని ఎప్పుడు తగ్గించవచ్చు అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాకు తోడు లేదు. ఫోను చేస్తే సమాధానం మర్యాదగానే వచ్చింది, కానీ వెంటనే కొత్త కొటేషన్ కూడా వచ్చింది.

ఫీజు విషయానికి వస్తే, మా స్థాయి యూనిట్‌కు అది ఒక కొత్త ఇంజనీరు ఏడాది జీతంతో సమానం, తక్కువేమీ కాదు. ముఖ్యుడు స్వయంగా వచ్చిన రోజులకు ఆ డబ్బు న్యాయమే. యువ ఇంజనీరు నమూనా పత్రాలు నింపిన రోజులకు కాదు. మొత్తం మీద అయిదుకు మూడున్నర ఇస్తాను. మోల్డ్ ఆర్డరు ఇంకా ఇవ్వని వారు ఈ తరహా సేవను నిస్సందేహంగా తీసుకోవచ్చు. మోల్డ్ వచ్చేసి, పీపాప్ తేదీ దగ్గరపడ్డాక పిలిచేవారికి కాగితాలు తప్ప పెద్దగా మిగిలేది ఉండదు. వారు ఆ డబ్బుతో తమ మనిషి ఒకరిని హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థలో స్వల్పకాలిక కోర్సుకు పంపడం మేలు. నాణ్యతా వ్యవస్థే ఇంకా లేని సూక్ష్మ పరిశ్రమలు ముందు కేంద్రం 2016లో మొదలుపెట్టి 2022లో కొత్త రూపంలో తెచ్చిన జెడ్ (లోపం లేని, పర్యావరణానికి హాని చేయని తయారీ) సర్టిఫికేషన్ చూడవచ్చు; 2022లో ప్రకటించిన ప్రకారం అందులో ధ్రువీకరణ ఖర్చులో సూక్ష్మ పరిశ్రమలకు 80 శాతం, చిన్నవాటికి 60 శాతం రాయితీ ఉంది. అయితే అది ఏపీక్యూపీకి ప్రత్యామ్నాయం కాదు, దాని కన్నా ముందు మెట్టు.

తదుపరి భాగానికి కూడా ఇదే సంస్థను పిలిచాము. ఒప్పందంలో మాత్రం నాలుగు షరతులు చేర్చాము: మోల్డ్ డిజైన్ సమీక్షకూ పీఎఫ్‌ఎంఈఏకూ ముఖ్యుడే రావాలి, ఏ కూర్పు ప్రకారం పనిచేస్తారో ముందే రాసివ్వాలి, యంత్రం దగ్గర ఉండే ప్రతి కాగితం తెలుగులో కూడా ఇవ్వాలి, ఫీజులో చివరి పావు వంతు పీపాప్ సంతకం నాడు కాక, సేఫ్ లాంచ్ తనిఖీలు ఎత్తివేసిన నాడు చెల్లిస్తాము. మొదటి మూడింటికి వెంటనే ఒప్పుకున్నారు. నాలుగవదాని మీద కొంత బేరం నడిచి, పావు వంతు కాస్తా పదో వంతు అయింది.